నాన్నగారికి, జపాన్‌లోని కవాసాకి నుంచి

కవాసాకి,
సెప్టెంబరు 10.

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. మీరూ అమ్మా క్షేమమని తలుస్తాను. ఉత్తరం చూసి కంగారు పడకండి, ఏమీ జరగలేదు. మూడు ఆదివారాలుగా ఫోన్ అమ్మే ఎత్తుతోంది, "నాన్నగారు పడుకున్నారే" అంటోంది. మూడున్నర అంటే మీరు కునుకు తీసి లేచి కాఫీ కోసం చూసే వేళ. ఆ మాత్రం నాకు తెలీదా? అందుకే కాగితం పట్టుకున్నాను. ఉత్తరమైతే మీరు చదవకుండా ఉండలేరు.

ఉద్యోగం బాగానే ఉంది. ఆయనకి వచ్చే నెల నుంచి షిఫ్టు మారుతోంది, సాయంత్రాలు ఇంట్లో ఉంటారు. ఆ సంగతులు అంతే.

అమ్మ చెప్పింది. చెప్పకూడదు అనుకుంటూనే చెప్పేసింది, తనని ఏమీ అనకండి. ఆ రోజు పాప ఫోన్లో "తాతయ్యా, నువ్వు మందులు వేసుకున్నావా?" అన్నప్పుడు పక్కన బాబాయి ఉన్నారని నాకు తెలీదు. "అక్కడ పెరిగితే అంతే, పెద్దా చిన్నా తెలీదు" అన్నారట. మీరు ఏమీ అనలేదట. లేచి పెరట్లోకి వెళ్ళిపోయారట. బాబాయి మాట నేను మర్చిపోగలను. మీరు అలా లేచి వెళ్ళారన్నదే నన్ను పట్టుకుంది.

ముందు కోపమే వచ్చింది, దాచడం దేనికి. ఏడేళ్ళ పిల్ల తాతయ్య మందుల సంగతి గుర్తుపెట్టుకుని అడిగితే, అడిగిన ప్రేమ వదిలేసి ఆ "నువ్వు" పట్టుకుంటారా అని. రెండు రోజులు ఆ మంటతోనే తిరిగాను. తర్వాత దాని మాటలు చెవిపెట్టి వినడం మొదలుపెట్టాను. తెలుగులో అది ఎవరితో మాట్లాడుతుంది? నాతో, వాళ్ళ నాన్నతో. మేం దాన్ని నువ్వు అంటాం, అదీ మమ్మల్ని నువ్వు అంటుంది. ఆయన్ని నేను నువ్వు అంటానని మీకు తెలిసిందే, పెళ్ళయిన కొత్తలో అత్తయ్యగారు దానికి ఎంత నొచ్చుకున్నారో కూడా తెలుసు. ఇక ఈ ఇంట్లో "మీరు" అనిపించుకునే మనిషి ఎవరున్నారు? ఆ మాట చెబితే వచ్చేది కాదు, చెవిన పడాలి. నేను మాటలు వచ్చినప్పటి నుంచే మిమ్మల్ని మీరు అన్నానంటే ఎవరూ కూచోబెట్టి నేర్పలేదు. తాతగారిని మీరు "మీరు" అనడం విన్నాను. అమ్మ మిమ్మల్ని అనడం విన్నాను. పాలబ్బాయి అరుగు మీద చెంబు పెట్టి "అయ్యగారూ, మీరే చూసుకోండి" అనడం విన్నాను. పాపకి ఇవేవీ లేవు. మీరు ఇక్కడ లేరు, అందుకే ఆ మాట దాని నోట్లో లేదు.

మామిడి చెట్టు కొమ్మ గోడ మీదకి వాలిందన్నారు, కొట్టించారా? మొత్తం కొట్టించకండి. ఆ పక్క కొమ్మ ఒక్కటే.

నేర్పుదామని కూచున్నాను. "తాతయ్యని మీరు అనాలమ్మా" అన్నాను. అది వెంటనే, "మరి నువ్వు అమ్మమ్మని నువ్వు అంటావుగా, అమ్మమ్మంటే నీకు గౌరవం లేదా?" అంది. నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్ళు అమ్మని నువ్వు, మిమ్మల్ని మీరు అంటూనే పెరిగాను, ఎందుకని ఒక్కసారీ అనుకోలేదు. కింది అంతస్తులో కరీంనగర్ వాళ్ళున్నారు. వాళ్ళు నాన్నని కూడా నువ్వనే అంటారు. ఆ అబ్బాయి వాళ్ళ నాన్నకి ఒంట్లో బాగాలేదని తెలిసి ఆ రాత్రికే టికెట్టు తీసుకుని వెళ్ళాడు. అది చూశాక ఏది గౌరవమో పాపకి చెప్పడం నాకు ఇంకా కష్టమైపోయింది.

పైగా దాని బడి భాష వేరు. ఇక్కడ ఇంట్లో పెద్దవాళ్ళని నువ్వూ అనరు, మీరూ అనరు. వరస పెట్టి పిలవడమే. ఎదురుగా కూచున్న తాతయ్యని పట్టుకుని "తాతయ్య తింటారా?" అని అడుగుతారు. తాతయ్యా అని నోరారా పిలిచాక ఇంకేం తక్కువైందని పాప అనుమానం. ఆలోచిస్తే నాకూ అనిపించింది, మనింట్లో కూడా మీరు ఎదురుగా ఉండగానే అమ్మ "నాన్నగారికి ఇంకొంచెం పప్పు వెయ్యవే" అంటుంది కదా.

మీకు చెప్పని సంగతి ఒకటుంది. వచ్చిన కొత్తలో ఆఫీసులో మీ గురించి ఏదో చెబుతూ "ఒతోసాన్" అన్నాను. నాన్నగారు అని దానర్థం. నాకు పని నేర్పే ఆవిడ పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పారు, ఎదుటివాళ్ళ నాన్నని అలా అనాలి, మన నాన్న గురించి బయటివాళ్ళకి చెప్పేటప్పుడు "చిచి" అనాలి అని. అందులో గారు లేదు. మనవాళ్ళని బయటివాళ్ళ ముందు తగ్గించి చెప్పడమే ఇక్కడి మర్యాద. ఆఖరికి మా పై అధికారి గురించి కూడా, వేరే కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తే, పేరు చివర మన గారు లాంటి "సాన్" లేకుండానే చెప్పాలి. ఆ రోజు నేను భోజనం చెయ్యలేకపోయాను. ఆరేళ్ళయింది, ఇప్పటికీ పైకి చిచి అంటాను, మనసులో గారు చేర్చుకుంటాను. మీకు తెలియాలని రాస్తున్నాను.

బాబాయికి మాత్రం ఒక మాట చెప్పండి, ఆయన మీద నాకు కోపం లేదని. ఇక్కడా మనలాగే అన్నకి వేరే మాట, తమ్ముడికి వేరే మాట. పెదనాన్ననీ బాబాయినీ పిలిచేది ఒకేలా అయినా, రాసేటప్పుడు అమ్మానాన్నల కంటే పెద్దవాళ్ళకి ఒక అక్షరం, చిన్నవాళ్ళకి ఇంకో అక్షరం. పాప ఆ రెండో అక్షరం నేర్చుకుంటే బాబాయికే మొదట రాయిస్తాను.

ఆదివారం ఆరున్నరకి ఇక్కడ టీవీలో "సజాఎ-సాన్" అని బొమ్మల కథ వస్తుంది. హసెగావా మాచికో అనే ఆవిడ 1946లో పత్రికలో నాలుగు గళ్ళ బొమ్మలతో మొదలుపెట్టారు, టీవీలో 1969లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. తాత, అమ్మమ్మ, కూతురు, అల్లుడు, మనవడు, కూతురి తమ్ముడూ చెల్లెలూ, అందరూ ఒకే ఇంట్లో, ఒకే పొట్టి బల్ల చుట్టూ కూచుని తింటారు. అల్లుడు అత్తారింట్లోనే ఉంటాడు కానీ ఇల్లరికం కాదు, ఇంటిపేరు తనదే. మామా అల్లుడూ కబుర్లలో పడినప్పుడల్లా ఆయన నా వైపు చూస్తారు. మీరు ఒక్క ఆరు నెలలు వచ్చి ఉండాలని ఆయన కోరిక, అడగడానికి మొహమాటం. పాపకి ఆ మనవడంటే ప్రాణం. వాడు మేనమామని అన్నయ్యా అంటాడు, పిన్నిని అక్కా అంటాడు. మీరు చూస్తే ముందు వాడి వరస దిద్దుతారు.

అలాంటి ఇల్లు మా చుట్టుపక్కల నేనైతే చూడలేదు. మా అపార్ట్‌మెంటులో 24 ఫ్లాట్లు, మూడు తరాలు కలిసున్నది ఒక్కటీ లేదు. ఆ వేళకి మాత్రం గోడల అవతల నుంచి అందరిళ్ళలోనూ అదే పాట వినిపిస్తుంది.

పక్కింటి బామ్మగారి గురించి అమ్మకి చెబుతూనే ఉంటాను. ఆవిడకి ఈ ఏడు 88 నిండాయి. మన సహస్ర చంద్ర దర్శనంలా ఇక్కడ అదొక వేడుక. బియ్యానికి రాసే అక్షరాన్ని విడదీస్తే ఎనిమిది, పది, ఎనిమిది వస్తాయి, అందుకని దాన్ని బియ్యం వయసు అంటారు. ఒక్కరే ఉంటారు. కొడుకు ఎక్కడో ఉత్తరాన సప్పొరోలో. ఆవిడ వంటింట్లో కరెంటు కెటిల్ ఒకటుంది. అందులోంచి టీకి నీళ్ళు వంపుకుంటే కొడుకు ఫోనుకి కబురు వెళ్తుంది. ఇలాంటివి ఇక్కడ 2001 నుంచే ఉన్నాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, తల్లి లేచిందో లేదో కెటిల్ చెప్పాలా అని. ఆ రాత్రి పడుకోబోతూ వాట్సాప్ తీసి మీరు చివరగా ఎప్పుడు చూశారో చూశాను. నేను రోజూ చూస్తాను నాన్నగారూ. అక్కడ తెల్లారి ఐదుంపావుకి మీరు ఫోన్ తెరుస్తారు, అప్పటికి నేను రైల్లో ఉంటాను. ఆ అంకె కనపడితే చాలు, నాన్నగారు లేచారు, మోటారు వేస్తారు, కుళాయి దగ్గర బకెట్టు పెడతారు అనుకుంటూ స్టేషన్లో దిగుతాను. ఈ మూడు వారాలు మీరు మాట్లాడకపోయినా ఆ ఐదుంపావు తప్పలేదు.

ఆగస్టులో బోన్ పండక్కి ఆ కొడుకు వచ్చాడు. మన పితృపక్షం లాంటిది. గుమ్మంలో తల్లీ కొడుకూ ఒకరికొకరు వంగి దణ్ణం పెట్టుకున్నారు, చెయ్యైనా తాకలేదు. ఎంత పొడిగా ఉన్నారో అని జాలిపడ్డాను. వెళ్ళే ముందు రోజు బామ్మగారు ఏదో ఇస్తాను రమ్మంటే వెళ్ళాను. అతను నేల మీద కూచుని ఫ్రిజ్‌లో పెట్టే డబ్బాలన్నిటి మీదా ఏది ఏ రోజు తినాలో పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాడు. పధ్నాలుగు డబ్బాలు. చెప్పులు వేసుకునే చోట ఆవిడ పట్టుకుని లేవడానికి ఒక కర్ర బిగించాడు, దాన్ని తనే పది సార్లు పట్టుకుని లేచి చూశాడు. నేను ఏ అధికారంతో జాలిపడ్డానో మరి.

ఆ పండక్కి కీర దోసకాయకి పుల్లలు గుచ్చి గుర్రం చేస్తారు, వంకాయకి గుచ్చి ఆవు చేస్తారు. పోయిన పెద్దలు గుర్రం మీద త్వరగా రావాలని, ఆవు మీద నిదానంగా వెళ్ళాలని. బామ్మగారు పాపని కూచోబెట్టుకుని చేయించారు. మీ నాన్నగారికి కూడా ఒకటి చేస్తానంది. తాతగారు ఎప్పుడూ సైకిలు మీదే తిరిగేవారని చెబితే, దోసకాయకి ముల్లంగి చక్రాలు రెండు గుచ్చింది. ఫోటో అమ్మకి పంపాను, మీకు చూపించిందా?

ఇప్పుడు రాసేది రాయాలా వద్దా అని రెండు రాత్రులు ఆలోచించాను. బడిలో పాత కథ ఒకటి చెప్పారు. వయసు మళ్ళినవాళ్ళని కొండ మీద వదిలేసి రావాలని ఒక ఊళ్ళో ఆజ్ఞ. కొడుకు తల్లిని వీపు మీద మోసుకెళ్తుంటే ఆవిడ దారి పొడవునా కొమ్మలు విరిచి పడేస్తుంది, తిరిగి వెళ్ళేటప్పుడు వాడు దారి తప్పకూడదని. నాగనో వైపు ఆ కథ పేరుతో ఒబసుతె అని రైల్వే స్టేషన్ కూడా ఉంది. ఆ రాత్రి దీపం ఆర్పాక పాప అడిగింది, "అమ్మా, మనం తాతయ్యని వదిలేసి వచ్చామా?" అని.

లేదన్నాను. అది నిద్రపోయింది. నేను లేచి బీరువా తీసి నా పాస్‌పోర్టు చూసుకున్నాను. అట్టలో మీరు పెట్టిన చీటీ అలాగే ఉంది. ఆరు ఫోన్ నంబర్లు, ఎవరికి ముందు చెయ్యాలో, వాళ్ళు ఎత్తకపోతే ఎవరికో, మీ గుండ్రటి అక్షరాలతో. వెనక "వెళ్ళొస్తానని చెప్పు, వెళ్తాననకు" అని రాశారు. ఇక్కడి పిల్లలు బడికి బయల్దేరేటప్పుడు "ఇత్తె కిమాసు" అని కేక పెడతారు. అచ్చం అదే మాట, వెళ్ళొస్తాను అని. పాప రోజూ అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా ఆ రోజు విమానాశ్రయంలో మీరు రుమాలు మడతపెట్టిన తీరు గుర్తొస్తుంది.

సంక్రాంతికి సెలవు అడిగాను. ఇస్తారనే అనుకుంటున్నాను. తమ్ముడి సంబంధం మాట అప్పటిదాకా ఖాయం చెయ్యకండి, నేనూ ఒకసారి పిల్లని చూస్తాను.

సెప్టెంబరులో మూడో సోమవారం ఇక్కడ పెద్దల దినం, దేశమంతా సెలవు. ఆ ఏడు వందేళ్ళు నిండేవాళ్ళకి ప్రధానమంత్రి వెండి గిన్నె పంపుతారు. ఆ ఆనవాయితీ మొదలైన 1963లో నూరేళ్ళు దాటినవాళ్ళు దేశం మొత్తానికి 153 మంది, 2024 లెక్కలో 95,119. అంత మందికి అచ్చ వెండి ఇవ్వలేక 2016 నుంచి వెండి పూత వేసినవి ఇస్తున్నారు. బడిలో పిల్లలందరి చేతా తాతలకీ అమ్మమ్మలకీ కార్డులు రాయించారు. పాప జపనీసులో రాయనంది, తాతయ్యకి చదవడం రాదుగా అంది. రెండు సాయంత్రాలు కూచుని తెలుగులో రాసింది. నాలుగే వాక్యాలు. ఇందులోనే పెడుతున్నాను.

"తాతయ్యా, నువ్వు బాగున్నారా. నువ్వు మందులు వేసుకోండి" అని రాసింది. నేను చెప్పినదీ దానికి వచ్చినదీ రెండూ పక్కపక్కన పెట్టేసింది. దిద్దుదామని రబ్బరు తీసి, మళ్ళీ డబ్బాలో పెట్టేశాను.

ఆదివారం మూడున్నరకి ఫోన్ చేస్తాను. మీరే ఎత్తండి. స్పీకరు పెట్టి అమ్మని పక్కన కూచోబెట్టుకోండి, ఇద్దరూ మామూలుగా మాట్లాడుకోండి, కాఫీ గురించైనా సరే. అమ్మ మిమ్మల్ని మీరు అంటుంటే అది వింటుంది.

ఉంటాను నాన్నగారూ.

మీ అమ్మాయి

అమ్మకి: మోకాలికి వేడి కాపడం మానకు. మెట్లెక్కి డాబా మీద ఒడియాలు పెట్టకు, పెట్టావని తమ్ముడు చెప్పాడు.