చెత్తను తూచి చూడండి

సంపాదకులకు నమస్కారం.

రోజుకు సగటున 100 కిలోలకు మించి చెత్త వచ్చే హోటళ్లు, మార్కెట్లు, ఇతర వ్యాపార సంస్థలను 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు భారీ ఉత్పత్తిదారులుగా గుర్తించాయి. హోటళ్లు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలన్నాయి. కానీ ఎవరిది 100 కిలోలో, ఎవరిది 30 కిలోలో తూచకుండా తేలేదెలా?

విజయవాడలో మాది చిన్న భోజన హోటల్. గత నెలలో వారం రోజులు మూడు బకెట్లు పెట్టాం. కూరగాయల తరుగు ఒకదానిలో, గిన్నెల్లో మిగిలిన వంట మరొకదానిలో, విస్తళ్లలో వదిలేసింది ఇంకొకదానిలో. రాత్రి హోటల్ కట్టేసే ముందు కాటాపై తూచి పుస్తకంలో రాశాం. తరుగే ఎక్కువ ఉంటుందనుకున్నాను. కాదు, మూడో బకెట్టే బరువు. అందులో సగానికి పైగా తెల్లన్నమే, కూర కూడా కలపని ముద్దలు! చూసి ప్రాణం ఉసూరుమంది. అడగకుండానే మారు వడ్డించడం మా తప్పు. ఇప్పుడు మొదట కొంచెమే వడ్డించి, అడిగినవారికి అడిగినంత వేస్తున్నాం. ఆ బకెట్ సగానికి దిగింది. రోజూ రెండు కిలోల బియ్యం మిగులుతున్నాయి.

కల్యాణ మండపాల సంగతి ఇంకా ఘోరం. విస్తళ్ల లెక్కన ముందే బేరం కుదిరిపోతుంది కాబట్టి ఎంత పారేశారో ఎవరూ చూడరు. వ్యాపార లైసెన్సు పునరుద్ధరించేటప్పుడు వారం రోజుల తూకం పుస్తకం చూపించమని నగరపాలక సంస్థలు అడగాలి. మండపాలతోనే మొదలుపెట్టాలి.

— ఒక హోటల్ యజమాని, విజయవాడ