ఆ అయిదు నిమిషాలు తెలుగులోనూ దొరకాలి

ఆర్యా,

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న మా అక్క కొడుకు వారాంతాల్లో స్టాండప్ కామెడీ, అంటే వేదికపై ఒక్కడే నిలబడి మాటలతో నవ్వించే ప్రదర్శన, చేస్తానన్నప్పుడు ఇంట్లో అందరూ బెంబేలెత్తారు. అది మన విద్య కాదని, అందులో బతుకు లేదని వారి భయం. అటువంటి భయం ఉన్న తల్లిదండ్రులకు జానీ లీవర్ జీవితాన్ని గుర్తుచేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

1957లో కనిగిరిలో పుట్టి ముంబయి ధారావిలో పెరిగిన జాన్ ప్రకాశరావు, ఇంటి ఇబ్బందుల వల్ల ఏడో తరగతితో చదువు ఆపి, సినిమా తారల గొంతులను అనుకరిస్తూ వీధుల్లో పెన్నులు అమ్మారు. తర్వాత తండ్రి పనిచేసే హిందుస్థాన్ లీవర్ కర్మాగారంలోనే పనికి కుదిరారు. అక్కడి ఒక వేడుకలో పై అధికారులను అనుకరించి చూపినప్పుడు తోటి కార్మికులు ఆయనకు జానీ లీవర్ అని పేరు పెట్టారు. పక్కన నిలబడి చెమటోడ్చినవాళ్లు పెట్టిన ఆ పేరే ఆయన అందుకున్న బిరుదులన్నింటికంటే గొప్పదని నేను నమ్ముతాను. 1981లో ఉద్యోగం వదిలి, హిందీ సంగీత దర్శకులు కల్యాణ్‌జీ-ఆనంద్‌జీల బృందంతో ప్రదర్శనలిస్తూ, ‘దర్ద్ కా రిష్తా’తో సినిమాల్లో అడుగుపెట్టారు.

అయితే ఆ తెలుగుబిడ్డకు అన్నం పెట్టింది హిందీ వేదిక. మన భాషలో ఈ కళకు పునాది లేదా అంటే, ఓరుగల్లులో పుట్టి, ధ్వన్యనుకరణకు 2001లో పద్మశ్రీ అందుకున్న కీర్తిశేషులు నేరెళ్ల వేణుమాధవ్ గారి ఉదాహరణ ఉండనే ఉంది.

ఇటీవల కోరమంగళలో జరిగిన ఒక ఓపెన్ మైక్‌కు, అంటే కొత్తవారెవరైనా వేదికెక్కి కొద్ది నిమిషాలు ప్రదర్శన ఇచ్చే కార్యక్రమానికి, నేనూ వెళ్లాను. మావాడు తన అయిదు నిమిషాలూ ఇంగ్లీషులోనే మాట్లాడాడు. మధ్యలో వాళ్ల నాయనమ్మ మాటను ప్రకాశం యాసలో ఉన్నదున్నట్టు అన్నప్పుడు మాత్రం, గదిలో ఉన్న తెలుగువాళ్లందరూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు. వాడి బలం ఎక్కడుందో నాకు అప్పుడు అర్థమైంది.

వయ్యాలికావల్‌లోని శ్రీకృష్ణదేవరాయ కళామందిరం వంటి చోట్ల నెలకొక సాయంత్రం తెలుగు ఓపెన్ మైక్ పెట్టాలని ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలను వినయంగా కోరుతున్నాను. పెద్ద సభామందిరం అక్కర్లేదు. ఖాళీ కుర్చీల మధ్య నవ్వు చెదిరిపోతుంది కాబట్టి, ముప్పై నలభై మంది దగ్గరగా కూర్చునే గది, ఒక మైకు ఉంటే చాలు. కొత్తవారు తడబడినా చివరిదాకా కూర్చుని వినే శ్రోతలు రావాలి. అటువంటి కార్యక్రమం మొదలైతే దాని ప్రకటనను మీ బెంగళూరు పేజీలో ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మల్లేశ్వరం, బెంగళూరు