‘వివక్ష’ని తెలుగులోకి మార్చడం

క్వీన్స్, న్యూయార్క్
ఆదివారం రాత్రి

సుజాతా,

నీ వాయిస్ మెసేజ్ విన్నానే. "మానవ హక్కుల కమిషన్ మా ఊళ్ళోనూ ఉంది, దాని కోసం శనివారాలు నువ్వు బల్లలు మోయడమేంటి" అని నవ్వావు చూడు, దానికి ఫోన్లో జవాబు చెప్పాలంటే మధ్యలో నువ్వు తాలింపు మాడిందని పరిగెత్తుతావు. అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

మీ కర్నూలుకి 2021లో హైదరాబాద్ నుంచి వచ్చింది రాష్ట్ర కమిషన్. 1993 నాటి చట్టం కిందది. పోలీసులు కొట్టారనో, సర్కారు ఆఫీసులో అన్యాయం జరిగిందనో వెళ్తారు. జడ్జిగా చేసినాయన విచారించి ప్రభుత్వానికి సిఫార్సు చేస్తారు. ఇక్కడిది న్యూయార్క్ నగరం ఒక్కదానికే సంబంధించిన కమిషన్. దీని చూపంతా ఇంటి ఓనరు మీద, షాపువాడి మీద, పనిలో పెట్టుకున్నవాడి మీద. "నీ రంగువాళ్ళకి ఇల్లివ్వం", "తలపాగా తీసేస్తేనే ఉద్యోగం", "కడుపుతో ఉన్నావు, రేపట్నుంచి రావద్దు" లాంటివన్నమాట. సిఫార్సుతో ఊరుకోదు, జరిమానా కూడా వేస్తుంది. కావాలని చేశాడని తేలితే 2,50,000 డాలర్ల దాకా వెయ్యచ్చు. ఫిర్యాదుకి ఫీజు లేదు, నీది ఏ వీసా అన్నదాంతో పనిలేదు.

ఇది పుట్టిన కథ కూడా చెప్తా విను. 1943 ఆగస్టులో ఈ ఊళ్ళోనే హార్లెం అనే పేటలో ఒక హోటల్ దగ్గర పోలీసు ఒక నల్లజాతి సైనికుణ్ణి కాల్చాడు. అతను బతికాడు గానీ చచ్చిపోయాడని పుకారు లేచింది. ఆ రాత్రి అద్దాలు పగిలాయి, షాపులు పోయాయి, ఆరుగురి ప్రాణాలు పోయాయి. మరుసటేడు మేయర్ లా గార్డియా ఐక్యత కోసమని ఒక కమిటీ వేశాడు. గొడవవగానే కమిటీ వెయ్యడం మనవాళ్ళ పేటెంటనుకున్నానే ఇన్నాళ్ళూ! అయితే ఆ కమిటీ ఫైల్లో పడి నిద్రపోలేదు. 1955లో చట్టంతో నిలబడ్డ సంస్థ అయింది, 1962లో ఇప్పటి పేరొచ్చింది. ఈ మధ్యలో, 1957లో, ప్రైవేటు ఇళ్ళు అద్దెకిచ్చేటప్పుడు కూడా రంగూ మతమూ చూడకూడదని చట్టం చేసింది ఈ ఊరు. దేశంలో అదే మొదటిది.

సరే, బల్లల సంగతికొస్తా. చట్టం ఎంత గట్టిదైనా, అదొకటి ఉందని తెలియనివాళ్ళకి లేనట్టే కదా. అందుకని కమిషన్ వాళ్ళు లైబ్రరీలకీ, మసీదులకీ, స్కూళ్ళకీ తిరుగుతుంటారు. వాళ్ళంతట వాళ్ళు వచ్చి నిలబడితే ఎవరూ దగ్గరకి రారు. ‘సిటీ’ అన్న అక్షరాలున్న జాకెట్ కనబడితే మనవాళ్ళు రోడ్డు అవతలికి దాటేస్తారు. అక్కడే మాలాంటి చిన్న సంస్థల అవసరం. మాది ఎంత చిన్నదంటే ఆఫీసు అంటే ఒక గది, ఒక ప్రింటరు, ఆ ప్రింటరు కూడా మూడ్ బాగుంటేనే పనిచేస్తుంది. కానీ ఆంటీలకి మా మొహాలు తెలుసు. బతుకమ్మకి పూలు ఎక్కడ దొరుకుతాయో చెప్పింది మేమే మరి.

ఇంకో సంగతి. 2017 చట్టం ప్రకారం ఈ ఊరి ఆఫీసులన్నీ ముఖ్యమైన కాగితాలు పది భాషల్లో ఇవ్వాలి. బెంగాలీ ఉంది, ఉర్దూ ఉంది. తెలుగు లేదు. ఆ పదిలో లేని భాషల మోత మాలాంటివాళ్ళదే. "కరపత్రం నేను తెలుగు చేస్తా" అని చెయ్యెత్తాను. తెలుగు ఎమ్మే కదా, పొగరు!

పెద్దక్షరాలతో "మీరు వివక్షకు గురవుతున్నారా?" అని వేశాను. మా క్వీన్స్‌లోనే ఫ్లషింగ్ అనే పేటలో ఒక లైబ్రరీ గదిలో బల్ల పరిచాం. కమిషన్ నుంచి ఒకమ్మాయి వచ్చింది, పాతికేళ్ళుంటాయేమో, పెన్నులూ గుడ్డసంచులూ మోసుకుని. సంచులు అరగంటలో అయిపోయాయి. కరపత్రాలు పేర్చినవి పేర్చినట్టే. ఒకావిడ మటుకు తీసుకుని, కళ్ళజోడు పైకి తోసి, దూరంగా పట్టుకుని చదివి, "అమ్మా, ఇది దివ్యాంగుల పింఛనా?" అంది. వివక్ష అన్న మాట ఆవిడ ఎప్పుడూ నోటితో అనలేదు. టీవీ వార్తల్లో విని ఉంటుంది, అంతే.

ఆ రాత్రి కూర్చుని అంతా కొట్టేశాను. ‘తేడా చూపించడం’ అని రాశాను. అదీ చాలలేదు. చివరికి ప్రశ్నలుగా మార్చాను. "పేరు అడిగాక ఇల్లు లేదన్నారా?" "మీ భాషలో మాట్లాడుతున్నారని పనిచేసే చోట తిట్టారా?" "ఇమిగ్రేషన్ వాళ్ళకి పట్టిస్తానని బెదిరిస్తున్నారా?"

మూడో ప్రశ్న పనిచేసిందే. రెండు వారాల తర్వాత అదే గదిలో ఒకావిడ బల్ల చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఊరు గోదావరి వైపు, మాటను బట్టి తెలుస్తుంది. ఎవరింట్లోనో పిల్లాణ్ణి చూసుకుంటూ అక్కడే ఉంటోంది. ఆదివారం సెలవు అన్నారు, ఆ ఆదివారం ఎప్పుడొస్తుందో చెప్పలేదు. గట్టిగా అడిగితే "నీ కాగితాల సంగతి మాకు తెలుసు" అంటారట. కరపత్రం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, పర్సులో కాదు, సెల్‌ఫోన్ కవరు వెనకాల దోపుకుంది. మందుల చీటీ దాచుకున్నట్టు.

ఇక్కడ మెలికలు చాలా ఉన్నాయి. జీతం బాకీ ఈ కమిషన్ చూడదు, దానికి వేరే ఆఫీసులున్నాయి. కాగితాల పేరు చెప్పి బెదిరించడం, దేశం చూసి నీచంగా మాట్లాడటం మాత్రం దీని కిందకొస్తాయి. ఉద్యోగాల విషయంలో మామూలుగా నలుగురన్నా పనివాళ్ళుండాలి. ఇంటిపనివాళ్ళకి ఆ లెక్క అడ్డం రాకుండా 2022 మార్చి నుంచి మార్చారు. ఒక్కరున్నా చట్టం వర్తిస్తుంది. చాలావాటికి గడువు ఒక్క ఏడాదే. "ముందు పండగ గడవనీ, పిల్ల పెళ్ళవనీ" అనుకునే మనవాళ్ళకి ఏడాది అంటే ఏపాటి?

ఫిర్యాదు ఇవ్వగానే తలుపు తట్టి న్యాయం వస్తుందనుకోకు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్ళు. సిబ్బంది చాలట్లేదని సిటీ కౌన్సిల్లోనే అడిగారు. కమిషన్ అమ్మాయి కూడా దాచలేదు. "ఇస్తే ఏమవుతుందో ఉన్నదున్నట్టు చెప్పండి, ఆశ పెట్టకండి" అంది. ఆ మాటతో నాకు నచ్చేసింది. సాయంత్రం బౌన్ వీధిలో మన వినాయకుడి గుడి క్యాంటీన్‌కి తీసుకెళ్ళి దోశ పెట్టించాను. ఉగ్గాని బజ్జీ దొరికితే ఇంకా బాగుండేది, ఏం చేస్తాం.

ఆ బౌన్ ఎవరో తెలుసా? అదే వీధిలో ఆయన ఇల్లు ఇంకా ఉంది. డచ్చివాళ్ళ కాలంలో క్వేకర్లని, అంటే ఒక క్రైస్తవ శాఖవాళ్ళని, ఇళ్ళకి రానివ్వకూడదని గవర్నరు ఆజ్ఞ వేస్తే, 1657 డిసెంబరులో ఫ్లషింగ్ వాళ్ళు 30 మంది మేం ఒప్పుకోమని అర్జీ రాసి సంతకాలు పెట్టారు. వాళ్ళలో ఒక్కరూ క్వేకరు కాదు! ఐదేళ్ళ తర్వాత జాన్ బౌన్ ఇంట్లోనే క్వేకర్ల ప్రార్థనలు జరగనిస్తే అరెస్టు చేసి దేశం నుంచి పంపేశారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో, ఈ ఊరిని ఏలుతున్న డచ్ కంపెనీ ముందు వాదించి గెలిచి తిరిగొచ్చాడు. ఆయన పేరున్న వీధిలో మన గణపయ్య కూర్చున్నాడు చూడు. సాంబారు చల్లారిపోతున్నా ఆ పిల్ల చెప్తూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను.

డబ్బుల సంగతి అడిగావు. కమిషన్ ఇచ్చేది ఎక్కువగా శిక్షణ, మనుషులు, కాగితాలు. డబ్బు నగరం ఖజానాలో వేరే వేరే పద్దుల నుంచి వస్తుంది. వస్తుంది అంటే, అచ్చం మన ఫీజు రీయింబర్స్‌మెంటే. ముందు నువ్వు ఖర్చు పెట్టు, రసీదులు పంపు, తర్వాత ఎప్పుడో వాళ్ళిస్తారు. ఈ లోపల గది అద్దె ఆగదు కదా. మా సంస్థ నడిపే ఆవిడ తన క్రెడిట్ కార్డు మీద టోనరు కొంటోంది. ఆ చిరాకు గురించి ఇంకో ఉత్తరం రాయచ్చు.

మన సంగతి కూడా చెప్పకపోతే తప్పవుతుంది. తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకాయన గది అద్దెకని పెట్టాడు. మావాడొకడు ఫోన్ చేస్తే మూడో ప్రశ్న "ఇంటిపేరేంటి", నాలుగోది "అంటే మీరేమిట్లు?" సియాటిల్‌లో 2023 ఫిబ్రవరిలో కులవివక్షని, చట్టంలో ‘కులం’ అన్న మాట పెట్టి మరీ, నిషేధించారు. అక్కడ మనవాళ్ళు ఎంతమందో నీకు తెలుసుగా. ఈ సంగతి మా మీటింగులో ఎత్తితే సగంమంది కాఫీ కోసం లేచారు. తెల్లవాడు మనల్ని తేడాగా చూస్తే కరపత్రం కావాలి, మనం చూస్తే మాత్రం "అది పద్ధతి".

ఇప్పుడు అసలు పని. ఫిర్యాదు చేసినందుకు యజమాని పనిలోంచి తీసేసినా, వేధించినా అది చట్టప్రకారం ఇంకో తప్పు. దానికి తెలుగు మాట కావాలి. ‘ప్రతీకార చర్య’ అని రాస్తే ఒకావిడ సినిమా పేరనుకుంది. ‘కక్ష సాధింపు’ అన్నానో లేదో, మా గుంపులో నంద్యాలాయన "అమ్మో, బాంబులేస్తారా?" అన్నాడు. మీ అమ్మనడుగు. "ఎదురు చెప్పిందని దాన్ని ఏదో చేశారు" అంటానికి ఆమె ఏమంటుందో సరిగ్గా ఆ మాటే రాసి పంపు, నువ్వు దిద్దకు. శుక్రవారం లోపల పంపితే శనివారానికి ప్రింటు తీస్తా, ప్రింటరు ఒప్పుకుంటే.

నీ
పద్మ