వెయిస్ట్‌కోటు వీపు సంగతి

అమ్మలూ,

నువ్వు కుట్టుకుంటున్న వెయిస్ట్‌కోటు, అదే చొక్కా మీద వేసుకునే చేతుల్లేని పొట్టి కోటు, దాని ఫోటోలు చూశాను. ముందు భాగం బాగా కుదిరింది. కాజాలు ఎడం తప్పకుండా వచ్చాయి, జేబు పట్టీలు రెండూ ఒకే వాలులో ఉన్నాయి. వీపుకి సాదా అస్తరు గుడ్డ వేసినందుకు నీ స్నేహితురాలు నవ్విందనీ, "గుడ్డ మిగుల్చుకున్నావా?" అందనీ రాశావు. వీపు విప్పేసి ముందు వేసిన బట్టే మళ్ళీ వేయాలా అని అడిగావు. అప్పుడే విప్పకు. ఆ అమ్మాయి అన్నదాంట్లో నిజం లేకపోలేదు. అసలు ఈ బట్ట కొలువుకెక్కిందే పొదుపు పేరు చెప్పుకుని. ఆ పొదుపు ఎన్నాళ్ళు నిలిచిందో వింటే నీకూ నవ్వొస్తుంది.

1665లో లండన్‌ని ప్లేగు ఊడ్చేసింది. 1666 సెప్టెంబరులో మంటలు ఊళ్ళో చాలా భాగాన్ని మింగేశాయి. ఊరు ఇంకా బూడిదలో ఉండగానే, అక్టోబరులో ఇంగ్లండు రాజు రెండో ఛార్లెస్ తన సభలో ఒక మాట చెప్పాడు: ఇకనుంచి కొత్త రకం దుస్తులు వేస్తాను, ఇక వాటిని మార్చేది లేదు అని. నౌకాదళం కార్యాలయంలో పెద్ద ఉద్యోగి శామ్యూల్ పెపీస్ అక్టోబరు 8న డైరీలో ఈ సంగతి రాసుకున్నాడు. ఆ దుస్తుల పేరు వెస్టు అట (మన వెయిస్ట్‌కోటుకి ముత్తాత అదే), ప్రభువులకి పొదుపు నేర్పడానికట. అదెలా ఉంటుందో తనకి సరిగ్గా తెలియదని కూడా రాశాడు. 15న రాజు దాన్ని తొడుక్కున్నాడు. ఒంటికి పట్టినట్టుండే పొడుగాటి నల్ల అంగీ, దానికి అక్కడక్కడ చిన్న చిన్న కోతలు, ఆ కోతల్లోంచి కనిపించేలా కింద తెల్ల పట్టు, పైన కోటు. కాళ్ళకి చుట్టిన నల్ల రిబ్బన్లు పెపీస్ కంటికి పావురం కాళ్ళలా కనిపించాయి. రెండు రోజులు తిరిగేసరికి రాజుగారికి ఆ నలుపు తెలుపులు నచ్చలేదు. అందరూ మేగ్‌పై పిట్టల్లా ఉన్నారని చెప్పి, తనకి సాదా వెల్వెట్‌తో ఇంకోటి కుట్టమన్నాడు.

పొదుపు బట్ట కాస్తా అలా వెల్వెట్ అయిపోయింది! ఇలాంటి కస్టమర్లు నా కత్తెరకీ తగిలారు. "సింపుల్‌గా ఉండాలి మాస్టారూ" అంటూనే వేలు తీసుకెళ్ళి అరలో అన్నిటికన్నా ఖరీదైన తాను మీద పెడతారు.

జాన్ ఎవెలిన్ అనే ఇంకో డైరీ రచయిత ఇది పారశీకుల పద్ధతి అన్నాడు. రాజు ఈ మాట మీద నిలబడడని కొలువులో వాళ్ళు బంగారం పెట్టి పందెం కాశారని కూడా రాశాడు. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ తన నౌకర్లందరికీ వెస్టులు తొడిగించి ఇంగ్లండు రాజుని ఎగతాళి చేశాడని పెపీస్ చెవిన కూడా పడింది. అంతకుముందే, నవంబరు 4 ఆదివారం పొద్దున దర్జీ మనిషి తన వెస్టు తెచ్చిస్తే, అది వేసుకుని చూసుకుని పెపీస్ తెగ మురిసిపోయాడు. వెండి పిడి కత్తి కూడా దాంతోపాటే వచ్చింది మరి.

అప్పటి వెస్టు మోకాళ్ళ దాకా ఉండేది. చేతులున్నవీ ఉండేవి. పైన ఎప్పుడూ కోటు ఉండేది కాబట్టి లోకానికి కనిపించేది ముందు భాగమే. దర్జీలకి ఆ మర్మం అందడానికి ఎంతోకాలం పట్టలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో కులీనుల వెయిస్ట్‌కోటు ముందు చూస్తే పట్టు మీద జరీ పువ్వులు, తీగలు. వెనక్కి తిప్పితే సాదా నారగుడ్డో నూలుగుడ్డో. ఎంబ్రాయిడరీ పని కూడా తమాషాగా ఉండేది. ముందు భాగాల ఆకారం, జేబు మూతలు, ఆఖరికి బొత్తాలకి చుట్టే గుండ్రటి ముక్కలు అన్నీ ఒకే పట్టు తాను మీద గీసి, దాన్ని చట్రానికి బిగించి కుట్టేవాళ్ళు. కత్తిరించకుండా అలాగే అమ్మేవాళ్ళు. కొన్నవాడు దాన్ని తన దర్జీకిస్తే, అతను ఒంటి కొలతకి కత్తిరించి, వెనక సాదా గుడ్డ వేసి కుట్టేవాడు. అలా కత్తెర పడకుండా మిగిలిపోయిన తానులు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. ఎప్పుడైనా దొరికితే దగ్గరికి వెళ్ళి చూడు. రెండు భాగాల మధ్య ఖాళీగా వదిలిన పట్టు ఎంత తక్కువో చూస్తే ఆ పనివాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది.

కాబట్టి సాదా వీపు వెనక పొదుపు ఉన్నమాట నిజమే. కానీ అదొక్కటే అయితే రాజులకీ జమీందార్లకీ ఆ బాధ దేనికి? అసలు కారణం కోటు. ఉన్ని మీద ఉన్ని పడితే పట్టుకుంటుంది. చెయ్యి ఎత్తినప్పుడు కోటు వీపు పైకి లేచి, దింపాక కిందికి జారకుండా భుజాల దగ్గర ముద్దగా నిలబడిపోతుంది. నున్నటి అస్తరు ఉంటే దానంతటదే జారి చోటికి వస్తుంది. పైగా మందం తగ్గుతుంది, ఉక్క తగ్గుతుంది. వెనక నడుము దగ్గర రెండు పట్టీలు, వాటి మధ్య చిన్న బకిల్ పెట్టావు చూడు, పలచటి గుడ్డయితేనే అవి ముడతలు చక్కగా పడేలా బిగుస్తాయి. దళసరి ఉన్నిని బకిల్‌తో లాగితే వీపు మీద మూట కట్టినట్టుంటుంది.

ఇంతకీ నేను అడగాల్సింది ఇది: దీని మీద నువ్వు కోటు వేసుకుంటావా, వేసుకోవా? అది తేలకుండా వీపు సంగతి తేలదు.

కోటు లేకుండా దీన్ని వేసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. స్నూకర్ ఆటగాళ్ళని చూడు, బల్ల మీదికి వంగి కర్ర పట్టాలంటే కోటు చేతులు అడ్డం, అందుకే వెయిస్ట్‌కోటు మీదే ఆడతారు. 2018 ప్రపంచ కప్పులో ఇంగ్లండు ఫుట్‌బాల్ జట్టు మేనేజరు గారెత్ సౌత్‌గేట్ కోటు లేకుండా నీలం వెయిస్ట్‌కోటులో మైదానం అంచున నిలబడ్డాడు. ఆయన్ని చూసి అక్కడ జనం దుకాణాల మీద పడ్డారు. పోయిందనుకున్న బట్టని మళ్ళీ బయటికి తెచ్చింది ఒక రకంగా ఆయనే. పోవడానికి మాత్రం ఒకటి కాదు, చాలా కారణాలున్నాయి. చేతి గడియారం వచ్చి జేబు గడియారాన్ని తరిమేసింది, ఇళ్ళలో వెచ్చదనం పెరిగింది, అల్లిన స్వెట్టర్లు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధమప్పుడు ఉన్ని మిగల్చడానికి అమెరికా ప్రభుత్వం 1942లో, రెండు వరసల బొత్తాల కోటుతో వెస్టు అమ్మకూడదని హుకుం వేసింది.

నువ్వు ఫోటో కింద వెస్టు అని రాశావు. మన మధ్య ఫరవాలేదు. రేపు నలుగురికి కుట్టిపెట్టేటప్పుడు మాత్రం ఈ మాటతో జాగ్రత్త. అమెరికా వాళ్ళకి వెస్టంటే ఇదే. బ్రిటన్ వాళ్ళకి వెస్టంటే లోపల తొడుక్కునే బనియను. ఫ్రెంచి వాళ్ళు వెస్త్ అంటే చేతులున్న కోటు. మనం అనుకునేదాన్ని వాళ్ళు జిలే అంటారు, తుర్కీ వాళ్ళ యెలెక్ అన్న మాట తిరిగి తిరిగి అలా అయింది. సౌత్‌గేట్ నీలం వెయిస్ట్‌కోటు వేసిన ఆ ఏడాదే నవంబరులో ఫ్రాన్సు రోడ్ల మీదికి వచ్చిన పసుపు జిలేల ఉద్యమం పేరూ ఇదే, అవి కారులో ఉంచుకోక తప్పని మెరిసే చొక్కాలనుకో. పాతకాలం ఇంగ్లీషు వాళ్ళు వెయిస్ట్‌కోటుని వెస్కిట్ అని పలికేవాళ్ళు. ఉర్దూ వాళ్ళ వాస్కట్ ఆ ఉచ్చారణకి ఎంత దగ్గరో చూడు. ఎవరు ఏ పేరు చెప్పినా, బొమ్మ గీయించుకోకుండా ఆర్డరు పుస్తకంలో ఎక్కించకు.

మగవాళ్ళ బట్ట నువ్వెందుకు కుట్టుకుంటున్నావని ఎవరో అన్నారట కదా. పదిహేడో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఆడవాళ్ళు వేసుకునే, పువ్వుల పని చేసిన నారగుడ్డ రవికలనీ వెయిస్ట్‌కోటనే అనేవాళ్ళు. మార్గరెట్ లేటన్ అనే ఆవిడది ఒకటి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది, అదే వేసుకుని ఆవిడ గీయించుకున్న చిత్రం కూడా పక్కనే ఉంది. రాజుగారి వెస్టుకి అది యాభై ఏళ్ళు పెద్దది. ఈ ముక్క వాళ్ళకి చెప్పు, చాలు.

ఇక నీ దాని సంగతి. నువ్వు చొక్కా మీద వేసుకుని తిరగడానికే కుట్టుకుంటున్నావని ఫోటోలు చూస్తే నాకనిపిస్తోంది. అదే అయితే వీపు మార్చు, నీ స్నేహితురాలి మాటే నెగ్గనీ. ముందు బట్టే వెనకా వేసి, బకిల్ తీసేసి, వెనక రెండు నిలువు డార్టులు, అంటే గుడ్డని మడిచి కుట్టే మడతలు, వేసి నడుము కుదుర్చు. కోటు కింద వేసుకునేదైతే నువ్వు కుట్టింది కుట్టినట్టే ఉంచు, ఒక్క కుట్టు కూడా విప్పకు. రెండింటికీ పనికొచ్చేలా కుట్టాలని మాత్రం చూడకు. అలా కుట్టింది దేనికీ సరిపోదు, నా దగ్గరికి మరమ్మతుకి వచ్చినవాటిలో ఎక్కువ అవే.

ఏ రకమైనా చంక దగ్గర తొందరపడొద్దు. మరీ లోతుగా కోస్తే పక్కనుంచి చొక్కా ఉబ్బి బయటపడుతుంది, బిగిస్తే రొమ్ము మీద అడ్డంగా ముడతలు లేస్తాయి. టాకాలు వేసి, కుర్చీలో కూర్చుని, చెప్పు తొడుక్కునేలా వంగి చూసుకో. నిలబడి అద్దంలో చూసుకున్న ఫిట్టింగు ఫిట్టింగు కాదు. ముందు కొసలు ప్యాంటు నడుం పట్టీని దాటి కిందికి రావాలి. ఇప్పటి ప్యాంట్లు నడుము మీద కాక తుంటి మీద ఆగుతాయి కాబట్టి మధ్యలో చొక్కా తొంగిచూస్తుంది. దానికి వెయిస్ట్‌కోటు పొడుగు పెంచడం మందు కాదు, ప్యాంటు మార్చుకోవాలి. బెల్టు కూడా పెట్టకు, దాని బకిల్ వెయిస్ట్‌కోటు కింద ముద్దగా కనిపిస్తుంది.

అడుగు బొత్తాం పెట్టుకోవాలా అని అడిగావు. ఏడో ఎడ్వర్డు రాజు పొట్ట పెరిగి దాన్ని వదిలేస్తే కొలువంతా వదిలేసిందని కథ చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా, కూర్చున్నప్పుడు గుడ్డ లాక్కుపోకుండా అది వదిలేయడమే మంచిది. నువ్వు అడుగు అంచు వంపు తిప్పి కోశావు కాబట్టి పెట్టుకోవాలన్నా అది సరిగ్గా పడదు.

మూడో ఫోటోలో మెడ వెనక చొక్కా కాలరుకీ దీనికీ మధ్య సందు కనిపిస్తోంది. వేలు దూరేంత ఉందంటే వీపు పొడుగు కొలత కుదరనట్టు. మెడ ఎముక నుంచి నడుము దాకా ఇంకెవరి చేతనైనా టేపు పట్టించి కొలత రాసి పంపు, సొంతంగా తీసుకుంటే తప్పు వస్తుంది. కోటు వేస్తావో లేదో కూడా ఆ కాగితం మీదే రాయి. ఆ తర్వాత వీపు ముక్క కొత్తగా గీసి పంపుతాను.

ఉంటాను,
నాన్న