రిమోట్ కొనే ముందు టీవీ వెనక ఓసారి చూడండి

సంపాదకులకు నమస్కారం.

దసరా నుంచి సిరిమానోత్సవం దాకా విజయనగరం గంటస్తంభం చుట్టూ, అటు శ్రీకాకుళం జీటీ రోడ్డులోనూ టీవీలు, సౌండ్‌బార్లు జోరుగా అమ్ముడవుతాయి. నెల తిరక్కుండా టీపాయ్ మీద నాలుగు రిమోట్లు చేరతాయి. టీవీది ఒకటి, కేబులు బాక్సుదో డిష్షుదో ఒకటి, సౌండ్‌బారుది ఒకటి, పైన టీవీకి గుచ్చి నెట్‌లో సినిమాలు చూసుకునే ఫైర్ స్టిక్‌ది. ఏది నొక్కితే ఏది వెలుగుతుందో ఇంట్లో పెద్దవాళ్లకి తెలీదు. ఇక 'అన్నిటికీ ఒకటే' అని రాసున్న రిమోట్ కొనుక్కొస్తారు. అది కొన్నిటికి పలుకుతుంది, కొన్నిటికి పలకదు, చివరికి టీపాయ్ మీద అయిదోది అవుతుంది. చాలాసార్లు రిమోట్ తప్పేమీ ఉండదు. ఆ ఇంట్లో ఉన్న పెట్టెలేమిటో చూసుకోకుండా కొనడమే తంటా. టీవీ, ఆడియో మరమ్మతు చేసేవాళ్లుగా పాఠకులకి ఉపయోగపడే కొన్ని వివరాలు రాస్తున్నాం.

ముందు తెలుసుకోవాల్సింది ఏ రిమోట్ కంటికి కనపడని వెలుతురుతో, అంటే ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేస్తోంది, ఏది బ్లూటూత్‌తో పనిచేస్తోంది అన్నది. దుకాణాల్లో దొరికే మామూలు యూనివర్సల్ రిమోట్లన్నీ ఇన్‌ఫ్రారెడ్‌వే. సెట్‌టాప్ బాక్సులు, పాత హోమ్ థియేటర్లు, సౌండ్‌బార్లలో ఎక్కువ భాగం దానికి పలుకుతాయి. ఫైర్ స్టిక్‌లో ఇన్‌ఫ్రారెడ్ అందుకునే కన్నే లేదు, కాబట్టి ఎంత ఖరీదైన ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ పెట్టినా అది కదలదు. గేములాడే ప్లేస్టేషన్ కూడా అంతే. పరీక్ష సులువు. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ మూతిని దానికి ఎదురుగా పెట్టి మీట నొక్కండి. తెల్లగానో ఊదాగానో మిణుకుమంటే ఆ మీట ఇన్‌ఫ్రారెడ్. వెనక కెమెరాలో తరచు ఫిల్టరు ఉంటుంది, దాంతో చూసి 'రిమోట్ పోయింది' అనుకోవద్దు. ఇంకో మెలిక ఉంది. స్మార్ట్ టీవీ రిమోట్లు కొన్నిటిలో పవర్ మీట ఒక్కటి ఇన్‌ఫ్రారెడ్, మిగతావన్నీ బ్లూటూత్. అందుకని మీట మీటకీ విడిగా చూడాలి.

రెండో పని టీవీ వెనక్కి వెళ్లడం. అక్కడ హెచ్‌డీఎంఐ సాకెట్లు ఎన్ని ఉన్నాయి, దేని పక్కన 'ఏఆర్‌సీ' (ARC) అని రాసుంది చూడండి. టీవీ శబ్దాన్ని సౌండ్‌బారుకి పంపే సాకెట్ అదే. సౌండ్‌బారుకి కూడా ఏఆర్‌సీ సాకెట్ ఉంటే ఆ రెండింటినీ హెచ్‌డీఎంఐ తీగతో కలిపి, టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీని (CEC, అంటే హెచ్‌డీఎంఐ తీగలోనే ఒక పెట్టె ఆజ్ఞలు ఇంకోదానికి వెళ్లే ఏర్పాటు) ఆన్ చేస్తే చాలు, టీవీ రిమోట్‌తోనే సౌండ్‌బారు శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది, టీవీతో పాటే ఆరుతుంది. కొత్త రిమోట్ అక్కర్లేదు. ఈ సీఈసీకి కంపెనీకో పేరు పెట్టడంతో జనానికి దొరకదు. శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, ఫిలిప్స్‌లో ఈజీలింక్. ఎన్ని పేర్లున్నా లోపలున్నది ఒకటే.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, సౌండ్‌బారుని ఆప్టికల్ తీగతో కలపడం. ఆప్టికల్ తీగలో శబ్దం మాత్రమే వెళ్తుంది, 'వాల్యూం పెంచు' అన్న ఆజ్ఞ వెళ్లదు. రెండు, రోడ్డు పక్కన దొరికే చవక హెచ్‌డీఎంఐ తీగ. సీఈసీ ఆజ్ఞలు 13వ పిన్ను మీద నడుస్తాయి. నాసి తీగల్లో ఆ పిన్నుకి లోపల తీగే కలిపి ఉండకపోవచ్చు. బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది, రిమోట్ మాత్రం పలకదు. సెట్టింగ్స్ తిరగేసే ముందు తీగ మార్చి చూడండి. కేబులు వాళ్లిచ్చే బాక్సుల్లో చాలావాటికి సీఈసీ ఉండదు. మూడు రంగుల ఏవీ తీగతో కలిపిన బాక్సుకైతే ఆ ప్రసక్తే లేదు.

ఆ బాక్సుకి మూడో దారి ఉంది, పైగా ఖర్చు లేనిది. డిష్షు, కేబులు కంపెనీలు ఇచ్చే రిమోట్లలో చాలావాటికి 'టీవీ' అని రాసిన నాలుగైదు మీటలు విడిగా ఉంటాయి. అవి నేర్చుకునే మీటలు. ఇంటింటా ఉన్నాయి, వాడేవాళ్లు తక్కువ. టీవీ రిమోట్ ఇన్‌ఫ్రారెడ్ అయితే దాని పవర్, వాల్యూం, సోర్స్ మీటలని ఇందులోకి ఎక్కించుకోవచ్చు. మోడల్‌ని బట్టి కొంచెం తేడా ఉన్నా పద్ధతి దాదాపు ఇదే. రెండు రిమోట్లలోనూ కొత్త సెల్లు వేయాలి. రెండింటినీ బల్ల మీద మూతులు ఎదురెదురుగా, మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. ఆ దగ్గర్లో ట్యూబ్‌లైటు ఆపేసి, ఎండ పడకుండా చూసుకోవాలి. సెటప్ మీటని ఎర్ర లైటు నిలకడగా వెలిగేదాకా, సుమారు మూడు నుంచి అయిదు సెకన్లు నొక్కి పట్టాలి. నేర్పాల్సిన మీట ఒకసారి నొక్కితే లైటు మిణకడం మొదలవుతుంది. అప్పుడు టీవీ రిమోట్‌లో అసలు మీట నొక్కాలి. లైటు గబగబా రెండు మూడుసార్లు మిణికి మళ్లీ నిలకడైతే ఎక్కినట్టు. అన్నీ అయ్యాక సెటప్ మరోసారి నొక్కితే భద్రమవుతాయి. అది మర్చిపోతే పడ్డ శ్రమంతా పోతుంది.

నేర్పేటప్పుడు అసలు మీటని ఎంతసేపు నొక్కాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తేడాలు అక్కడే వస్తాయి. ఎక్కువసేపు పట్టుకుంటే కొన్ని రిమోట్లు సంకేతంతో పాటు దాని పునరావృతాలని కూడా నింపుకుంటాయి. తర్వాత వాల్యూం ఒక్కసారి నొక్కితే మూడు మెట్లు ఎగురుతుంది. రిమోట్‌తో వచ్చిన కాగితంలో వేరేగా చెబితే తప్ప పొట్టిగా నొక్కి వదిలెయ్యండి. ఇంకో వింత కూడా చూస్తుంటాం. 11వ నంబరు చానెల్ కొడితే 1 మాత్రమే పడుతుంది. ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన ఆర్‌సీ-5, ఆర్‌సీ-6 పద్ధతుల్లో ప్రతి కొత్త నొక్కుకీ సంకేతంలో ఒక బిట్టు మారుతుంది. అది మారితేనే పెట్టె 'రెండోసారి నొక్కారు' అనుకుంటుంది. నేర్చుకున్న రిమోట్ మాత్రం ప్రతిసారీ అదే బిట్టు పంపుతుంది కాబట్టి పెట్టె దాన్ని ఒకటే పొడుగు నొక్కుగా లెక్కేస్తుంది. అలాంటి పెట్టెకి నేర్పుడు రిమోట్ వద్దు, ముందే కోడ్లు నింపిన రిమోట్ తీసుకోవాలి.

ఆ కోడ్ల రిమోట్ల సంగతి. రెండు మూడు వందల రూపాయలకి దొరుకుతాయి, కూడా కోడ్ల చీటీ ఇస్తారు. ఒకే కంపెనీ పేరు కింద పది కోడ్లుంటే కంగారు పడకండి. ఒక కంపెనీ టీవీలన్నిటిలో ఒకే బోర్డు ఉండదు. మొదటి కోడ్‌కి పవర్ పనిచేసిందని అక్కడే ఆపేయడం అందరూ చేసే తప్పు. వాల్యూం, మెనూ, సోర్స్, వెనక్కి వచ్చే మీట కూడా నొక్కి చూసి, ఒక్కటి పలక్కపోయినా తర్వాతి కోడ్‌కి వెళ్లాలి. టీవీ ఒకసారి పాడై, ఏ కంపెనీ టీవీకైనా వేసే 'యూనివర్సల్ బోర్డు' వేయించుకుని ఉంటే ముందు భాగం మీద ఏ పేరున్నా ఆ పేరు కోడ్లు పనికిరావు. రిమోట్ ఇప్పుడు ఆ బోర్డుకీ, అందులో ఎక్కించిన సాఫ్ట్‌వేరుకీ సరిపోవాలి. బోర్డు వేసిన మెకానిక్‌నే అడగండి. అలా బోర్డు మార్చినప్పుడు దాని నంబరుని టీవీ వెనక కాగితం ముక్క మీద రాసి అంటించమని మా తోటి మెకానిక్‌లకి కూడా ఈ ఉత్తరం ద్వారా మనవి.

కాళ్ల మీద నిలబెట్టే టీవీల ముందు సౌండ్‌బారు పెడితే టీవీ కింది అంచులో ఉన్న కన్ను మూసుకుపోతుంది. రిమోట్ పైకెత్తి నొక్కితేనే పనిచేస్తోందంటే కారణం అదే. పడమటి గుమ్మం ఉన్న హాల్లో సాయంత్రం ఎండ నేరుగా టీవీ మీద పడినా అంతే. ఈ రెంటికీ కొత్త రిమోట్ మందు కాదు.

ఒక్క మీటతో టీవీ, బాక్సు, సౌండ్‌బారు అన్నీ వెలిగే రిమోట్లు కొందరు అడుగుతున్నారు. ఆ రకానికి పేరుపడ్డ లాజిటెక్ హార్మొనీ తయారీని 2021లోనే ఆపేశారు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని తీసుకుంటే సెటప్ అంతా కంపెనీ సర్వరు మీద ఆధారపడాలి, అది ఎన్నాళ్లుంటే అన్నాళ్లు. వేరే కంపెనీవి తీసుకున్నా అసలు చిక్కు ఒకటుంది. మన పెట్టెల్లో చాలావాటికి ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే సంకేతం. కరెంటు పోయి వచ్చాక టీవీ స్టాండ్‌బైలో ఉండి, బాక్సు తనంతట తాను వెలిగి ఉందనుకోండి. మీరు మీట నొక్కితే టీవీ వెలుగుతుంది, బాక్సు ఆరుతుంది. ఇంకోసారి నొక్కితే తిరగబడుతుంది. రాత్రిపూట ప్లగ్గు దగ్గర స్విచ్ ఆపే అలవాటున్న ఇళ్లలో ఇది రోజూ జరుగుతుంది. చాలా టీవీల సెట్టింగ్స్‌లో 'పవర్ ఆన్ మోడ్' అని ఉంటుంది. బాక్సు తనంతట తాను వెలిగేదైతే దాన్ని ఆన్‌కి పెడితే కొంత నయం. అంతకన్నా మేలు, ఆ ఒక్క మీటలోంచి పవర్‌ని తీసేసి సోర్స్ మార్చడం, వాల్యూంకి మాత్రమే వాడుకోవడం. సోర్స్ ఆజ్ఞని టీవీ వెలిగిన వెంటనే పంపినా వృథా. స్మార్ట్ టీవీ పూర్తిగా లేవడానికి ఇరవై సెకన్లు పట్టొచ్చు, ఆ మేరకు ఆలస్యం పెట్టుకోవాలి.

ఫైర్ స్టిక్ ఉన్నవాళ్లు దాని రిమోట్‌నే పెద్ద రిమోట్ చేసుకోవచ్చు. పవర్, వాల్యూం మీటలున్న రిమోట్ అయితే అందులో టీవీ కోసం ఇన్‌ఫ్రారెడ్ కూడా ఉంటుంది. సెట్టింగ్స్‌లో 'ఎక్విప్‌మెంట్ కంట్రోల్'కి వెళ్లి టీవీని, సౌండ్‌బారుని చేర్చితే పవర్, వాల్యూం దానితోనే నడుస్తాయి. అంకెల మీటలు లేవు కాబట్టి కేబులు చానెళ్లకి బాక్సు రిమోట్ ఉండాల్సిందే. రెండు రిమోట్లు, అంతే. చాలా ఇళ్లకి అంతకన్నా తగ్గడం కుదరదు, కుదురుతుందని చెప్పే అమ్మకందారుని నమ్మొద్దు.

స్మార్ట్ టీవీ రిమోట్ పోయినప్పుడు బజార్లో దొరికే నకలు మీద మైకు బొమ్మ ఉంటుంది. నకలు ఇన్‌ఫ్రారెడ్‌ది అయితే ఆ బొమ్మ అలంకారమే, మాట వినదు. బ్లూటూత్ రిమోట్ తెచ్చుకుంటే టీవీకి జత చేయాలి. మెనూలోకి వెళ్లడానికి రిమోటే లేదు కదా అంటే, ఆండ్రాయిడ్ టీవీ అయితే యూఎస్‌బీ సాకెట్‌లో కంప్యూటర్ మౌస్ పెట్టండి. తెర మీద బాణం వస్తుంది, దాంతో సెట్టింగ్స్‌లోకి వెళ్లి జత చేసుకోవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ ఉన్న రెడ్‌మీ లాంటి ఫోన్లు కూడా అత్యవసరానికి పనికొస్తాయి. కానీ ఆ ఫోన్ జేబులో పెట్టుకుని ఇంటాయన పలాసకి వెళ్లిపోతే రిమోట్ కూడా పలాసలోనే ఉంటుంది. ఫోన్‌లో నొక్కినదాన్ని ఇన్‌ఫ్రారెడ్‌గా మార్చి పంపే వైఫై డబ్బాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే కలుస్తాయి, పెట్టెలకి ఎదురుగా ఉండాలి. ముసలివాళ్లున్న ఇంటికి అవి మేం చెప్పం.

ఏసీని కూడా టీవీ రిమోట్‌లో నేర్పించమంటారు. ఏసీ రిమోట్ ప్రతి నొక్కుకీ ఉష్ణోగ్రత, మోడ్, ఫ్యాన్ వేగం అన్నీ కలిపి ఒకే పొడుగు సంకేతంగా పంపుతుంది. '25' అన్నది నేర్పితే ఆ మీట ఎప్పటికీ 25కే పెడుతుంది, ఒక డిగ్రీ పెంచమంటే పెంచదు. 24 కూల్, 26 కూల్, ఆఫ్ అని మూడు మీటలు నేర్పుకుంటే పని జరుగుతుంది. చవక నేర్పుడు రిమోట్లలో ఆ పొడుగు సంకేతం పట్టదు. ఏసీకి ఏసీ యూనివర్సల్ రిమోటే వేరుగా కొనండి.

కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో రిమోట్ స్ప్రింగులు తొందరగా తుప్పు పడతాయి. నెలకోసారి మూత తీసి చూడండి, పచ్చగా ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్ది స్పిరిట్ దూదితో తుడవండి. పాత సెల్లు ఒకటీ కొత్తది ఒకటీ కలిపి వేస్తే పాతది కారుతుంది. చార్జింగ్ సెల్లు 1.2 వోల్టులే కాబట్టి కొన్ని రిమోట్లకి దూరం తగ్గుతుంది, నేర్పడం మధ్యలో ఆగుతుంది. సెల్లు మార్చగానే కోడ్లన్నీ మర్చిపోయే చవక రిమోట్లూ ఉన్నాయి. కొనే చోటే ఒక కోడ్ వేసి, సెల్లు తీసి, పది నిమిషాలాగి మళ్లీ పెట్టి చూడమనండి.

దుకాణానికి వెళ్లేటప్పుడు పాత రిమోట్లన్నీ, టీవీ వెనక స్టిక్కరు ఫొటో, సాకెట్ల ఫొటో తీసుకెళ్లండి. దుకాణదారులని మేం కోరేది కూడా ఒకటుంది. నేర్పుడు రిమోట్ కొనేవారి పాత రిమోట్‌లోంచి ఒక్క మీటనైనా కౌంటరు మీదే ఎక్కించి, సెల్ఫీ కెమెరాలో వెలుతురు చూపించి ఇవ్వండి. అయిదు నిమిషాల పని. రిమోట్ తయారుచేసే, దిగుమతి చేసే కంపెనీలు ప్యాకెట్ మీద 'ఇన్‌ఫ్రారెడ్ మాత్రమే', 'నేర్చుకుంటుంది/నేర్చుకోదు', 'సెల్లు తీస్తే కోడ్లు ఉంటాయి/పోతాయి' అన్న మూడు ముక్కలు తెలుగులో అచ్చు వేయాలి. కోడ్ల చీటీని కూడా కళ్లద్దాలు పెట్టుకున్నా కనపడని అక్షరాల్లో కాకుండా చదవగలిగే సైజులో ఇవ్వాలి.

ఇట్లు,
టీవీ, ఆడియో మరమ్మతు చేసేవాళ్లం,
శ్రీకాకుళం.