రోళ్లు పగిలే రోజుల్లో కనిపించని చుక్క

చి. రోహిణికి,

నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోనులో "నాకు నాయనమ్మల కాలం పేరు పెట్టారు" అన్నావు. కాదనను. పెట్టింది నాయనమ్మే. నేను మూడు పేర్లు కాగితం మీద రాసుకుని ఆసుపత్రికి వచ్చాను. ఆవిడ పంచాంగం మూసి, "రోహిణిలో పుట్టింది, ఇంక వేరే పేరెందుకు?" అంది. కాగితం నా జేబులోనే ఉండిపోయింది.

కాబట్టి ఆ చుక్కను నీకు చూపించే పూచీ నాది. ఇవాళ రాత్రి తొమ్మిదింటికి హాస్టల్ మేడ ఎక్కు. మార్గశిరం కదా, శాలువా కప్పుకో. తూర్పున మూడు చుక్కలు ఒకదాని మీద ఒకటి నిలువుగా ఉంటాయి. ఆ వరస వెంటే చూపును పైకి పోనిస్తే ఎర్రటి చుక్క తగులుతుంది, కుంపట్లో చల్లారబోయే నిప్పు రంగులో. అదే రోహిణి. ఆ పేరుకు అర్థమే ఎర్రనిది అని. ఇంకాస్త పైన గుంపుగా కనిపించేది కృత్తిక, మన ఊళ్లో పిల్లలకోడి.

ప్రపంచమంతా ఈ చుక్కను పిలిచే అల్డెబరాన్ అనే పేరు అరబ్బులది. అల్ దబరాన్ అంటే వెంట వచ్చేవాడు. రోజూ కృత్తికల వెనకే ఉదయిస్తుంది మరి. వాళ్ల కథలో ఇతను మగవాడు. సురయ్యాను, అంటే కృత్తికను, పెళ్లాడతానంటే లేనివాడివని ఆమె కాదంది. అప్పటినుంచి ఓలిగా ఒంటెల్ని తోలుకుంటూ ఆమె వెంట తిరుగుతూనే ఉన్నాడు. చుట్టూ ఉన్న చిన్న చుక్కలే ఆ ఒంటెలు.

గ్రీకులకు అది ఎద్దు కన్ను. జ్యూస్ దేవుడు తెల్లని ఎద్దుగా మారి యూరోపా అనే రాకుమారిని వీపున ఎక్కించుకుని, సముద్రం దాటించి క్రీటుకు తీసుకుపోయాడట. వృషభరాశి బొమ్మలో ఎద్దుకు ముందు సగమే ఉంటుంది. మిగతాది నీళ్లలో ఉందని సమర్థించుకున్నారు. వాళ్లకు ఎద్దు ముఖంలా కనిపించిన చుక్కలే మనవాళ్లకు బండిలా కనిపించాయి: రోహిణీ శకటం. శని దాన్ని చీల్చుకుని వెళితే పన్నెండేళ్లు కరువని, దశరథుడు రథమెక్కి వెళ్లి శనిని ఆపాడని పద్మపురాణం చెబుతుంది. ఎద్దు అక్కడ, బండి ఇక్కడ. ఎవరూ కలిపి కట్టలేదు.

దక్షుడి ఇరవై ఏడుగురు కూతుళ్లనూ చంద్రుడు పెళ్లాడి రోహిణి దగ్గరే ఉండిపోయిన కథ నీకు తెలిసిందే. మామగారి శాపంతో క్షీణించి, ప్రభాసతీర్థంలో మునిగి మళ్లీ పెరిగాడు. నాకు మాత్రం మిగతా ఇరవై ఆరుగురి మీదే జాలి. అయితే ఈ కథ ఊరికే పుట్టలేదు. చంద్రుడు నెలకోసారి ఈ చుక్క పక్కగా వెళతాడు, కొన్నేళ్లు వరసగా దాన్ని కప్పేస్తాడు కూడా. 2015 నుంచి 2018 దాకా అలాగే జరిగింది. 509లో ఏథెన్స్‌లో ఎవరో ఇదే దృశ్యం చూసి రాసిపెట్టారు. 1718లో ఎడ్మండ్ హేలీ అనే ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త అలాంటి పాత రాతలతో పోల్చి చూసి, స్థిరమనుకున్న నక్షత్రాలు కూడా కదులుతాయని తేల్చాడు.

ఇది మనకు సుమారు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఇవాళ నీ కంట్లో పడే వెలుగు, నాయనమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో బయలుదేరింది.

ఒక తమాషా చెప్పనా? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం కదా, ఆ రోజుల్లో మాత్రం రోహిణి కనిపించదు. మే 25 నుంచి జూన్ 8 దాకా సూర్యుడు దాని దగ్గరే ఉంటాడు, చుక్క ఆ వెలుగులో కలిసిపోతుంది. సరిగ్గా నువ్వు సెలవులకు వచ్చే రోజులవి. పెరట్లో రోలు అంచున ఉన్న పగులు చూపించి, ఆ కార్తె ఎండకే పగిలిందని నాయనమ్మ చెబుతుంది. నిజానికి బండి మీంచి దించేటప్పుడు కూలీల చెయ్యి జారింది, నేను పక్కనే ఉన్నాను. ఆవిడతో మాత్రం అనకు.

మీ నాన్న