‘టి.’ కాదు, టంగుటూరి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ విద్యా పేజీలో ముఖ్యమంత్రుల పట్టిక వేశారు. మా మనవరాలు గ్రూప్స్‌కి చదువుతోంది. దాన్ని కత్తిరించి బల్ల ఎదురుగా గోడకు అంటించుకుంది. రాత్రి పాలు ఇవ్వడానికి వెళితే, “అమ్మమ్మా, టి. అంజయ్యలో ‘టి’ అంటే ఏంటి? తోటా? తాళ్లూరా?” అని అడిగింది.

“టంగుటూరి” అన్నాను. పిల్ల నమ్మలేదు. పట్టికలో పైన ‘టంగుటూరి ప్రకాశం పంతులు, 1953–54’ అని ఉంది. కింద ‘టి. అంజయ్య, 1980–82’ అని ఉంది. ఒకే కాగితంలో ఒకే ఇంటిపేరు రెండుసార్లు వచ్చింది. చదివేవాళ్లకు మాత్రం ఒక్కసారే కనిపిస్తుంది. అది నా పుట్టింటి పేరు కూడా. అందుకే ఈ ఉత్తరం.

పట్టికంతా చూశాను. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, కాసు బ్రహ్మానందరెడ్డి, జలగం వెంగళరావు, మర్రి చెన్నారెడ్డి... అందరికీ ఇంటిపేర్లు నిండుగా ఉన్నాయి. అంజయ్య గారి దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు అక్షరం ఒకటి, చుక్క ఒకటి. పి.వి. నరసింహారావు గారి పాములపర్తికి, ఎన్.టి. రామారావు గారి నందమూరికి కూడా అంతే. అందరూ అలాగే రాస్తారు కదా అని మీరు అనవచ్చు. అలా రాయడం వల్ల ఏం పోతోందో చెప్పాలనే నా తపన.

నేను 33 ఏళ్లు తెలుగు పాఠం చెప్పాను. విభక్తి చేరేముందు పదం చివర వచ్చే ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలు అంటారని ఎనిమిదో తరగతి పిల్లలకు చెబితే ఆవలించేవాళ్లు. మీ ఇంటిపేరులోనే ఆ పాఠం ఉంది చూడండర్రా అంటే లేచి కూర్చునేవాళ్లు. ఇల్లు ఇంటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది. కందుకూరు నుంచి కందుకూరి, వేమూరు నుంచి వేమూరి, టంగుటూరు నుంచి టంగుటూరి. పాడు చివర ఉన్న ఊళ్లయితే పాటి అవుతాయి. ‘ఇంటిపేరు’ అన్న మాట కూడా ఆ సూత్రం ప్రకారం వచ్చిందే. అంటే టంగుటూరి అన్నప్పుడల్లా ‘టంగుటూరు వాళ్లు’ అని చెబుతున్నట్టే. ఊళ్లో ఉన్నవాణ్ణి ఆ ఊరి పేరు పెట్టి ఎవరూ పిలవరు. బయలుదేరి ఇంకో చోట స్థిరపడితేనే “ఆ టంగుటూరి వాళ్లు” అంటారు. ఆ చివరి ఇకారంలో ఒక ప్రయాణం ఉంది. అది కాస్తా ‘టి.’ అన్న పొట్టి అక్షరం కింద పడి నలిగిపోతోంది.

ప్రకాశం గారికీ అంజయ్య గారికీ చుట్టరికం లేదు. ఒక కులం కాదు, ఒక ప్రాంతమూ కాదు. ఒకరు ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టి మద్రాసులో బారిస్టరుగా వెలిగినవారు. ఒకరు హైదరాబాదులో కార్మిక నాయకుడిగా ఎదిగినవారు. టంగుటూరు అన్న ఊరు కూడా ఒక్కటి కాదు. ఒంగోలు దాటాక వచ్చే టంగుటూరు అందరికీ తెలుసు. ఆలేరు దగ్గర ఒకటి, శంకర్‌పల్లి మండలంలో ఒకటి ఉన్నాయి. ఒక ఊరి పేరు ఇన్ని చోట్ల, ఇన్ని కులాల ఇళ్ల గుమ్మాల మీద కనిపించడం ఎంత మంచి సంగతి! గాయని సూర్యకుమారి గారు సినిమాల్లో, సభల్లో ఎంత పేరు తెచ్చుకున్నా టంగుటూరి సూర్యకుమారిగానే ఉన్నారు.

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అప్పటి నుంచి మా పుట్టింటికి ఉత్తరం రాసినప్పుడల్లా కవరు మీద ‘టంగుటూరు, ప్రకాశం జిల్లా’ అని రాస్తూ నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఆ చిరునామాలోనే ఆయన పేరంతా ఉంది.

హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా చేసిన బూర్గుల రామకృష్ణారావు గారి సంగతి ఇంకా చిత్రం. వారి ఇంటిపేరు పుల్లంరాజు. ఊరు బూర్గుల. ఊరి పేరే ఆయన ఇంటిపేరై నిలిచింది.

ఇక నా చేతుల మీదుగా జరిగిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక ఏడాది మా పదో తరగతిలో ఒకే పేరున్న పిల్లలు ముగ్గురు. ముగ్గురికీ రిజిస్టర్‌లో ‘కె.’ అనే రాశాను. ఒకరు కందుకూరి, ఒకరు కొండపల్లి, ఒకరు కొమ్మినేని. మార్కుల జాబితాలు ఇచ్చేరోజు తొందరలో ఒకరిది ఇంకొకరికి ఇచ్చాను. పాసైన పిల్లవాడు ఫెయిలయ్యాననుకుని సైకిలు అక్కడే వదిలేసి ఏడుస్తూ నడిచి వెళ్లిపోయాడు. సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి అసలు కాగితం ఇచ్చి వచ్చాను. మర్నాటి నుంచి రిజిస్టర్‌లో ఇంటిపేర్లు పూర్తిగా రాశాను. గళ్లు చాలకపోతే రెండో వరుసలోకి దించాను.

పొడి అక్షరాలు రాయడం తెలుగువాళ్లకు కొత్త కాదు. నా పెళ్లికి సారెలో ఇచ్చిన ఇత్తడి బిందె మీద, అంచు కింద, మా తాతగారి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించారు: ‘టం. వెం. సు.’ యాభై ఏళ్లుగా చింతపండు పెట్టి తోముతుంటే ‘సు’ అరిగిపోయింది. ‘టం’ మాత్రం వేలితో తడిమితే ఇప్పటికీ తగులుతుంది. ‘టి.’ అంటే తోట, తాళ్లూరి, తాడేపల్లి, తిరుమల ఏదైనా కావచ్చు. ‘టం.’ అంటే సగం దారి తెలిసిపోతుంది.

ఇంగ్లీషులోకి పోయి మళ్లీ తెలుగులోకి వచ్చే దారిలో ఇంకో ప్రమాదం ఉంది. ఆ భాషలో ట, త రెండింటికీ ఒకటే అక్షరం. మా తమ్ముడికి ఒక కార్యాలయం ఇచ్చిన కార్డులో ‘తంగుతురి’ అని అచ్చయింది. దిద్దించుకోవడానికి మూడుసార్లు తిరిగాడు. తెలుగు పత్రికే తెలుగులో సరిగ్గా రాయకపోతే, ఇది తప్పు అని చూపించడానికి మా చేతిలో ఆధారం ఏముంటుంది?

నేను కోరేది ఇది. పట్టికల్లో, వార్తల్లో, ముఖ్యంగా నివాళుల్లో ఇంటిపేరు పూర్తిగా వేయండి. టంగుటూరికి నాలుగు అక్షరాలు, నందమూరికి నాలుగు, పాములపర్తికి అయిదు. మరీ చోటు లేకపోతే ‘టం.’, ‘నం.’, ‘పా.’ అని మన అక్షరాల్లోనే పొడి చేయండి. ఆ ముఖ్యమంత్రుల పట్టికను వీలైతే ఇంకోసారి సరిచేసి వేయండి. మా మనవరాలు గోడ మీద కాగితంలో ‘టి’ కొట్టేసి పెన్నుతో ‘టంగుటూరి’ అని రాసుకుంది. అచ్చులో వస్తే దాన్ని తీసి మీది అంటిస్తానంది.

– టంగుటూరి వారి ఆడపడుచు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, ఒంగోలు